కాపలా తొట్టిలో నురగ

ఉదయం ఆరూ పది. డ్యూటీ ఎక్కి లైటు వేసిన పంప్ ఆపరేటరు తొట్టి వైపు ఒక్క చూపు చూసింది. చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా జారి కిందపడింది.

తొట్టిలో పన్నెండు చేపలుండాలి. పన్నెండూ ఉన్నాయి. కానీ ఒక్కటి కూడా నిలకడగా లేదు. ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి, గుద్దుకుంటున్నాయి, అద్దానికేసి దబదబా కొట్టుకుంటున్నాయి. నీళ్ళు గంజిలా తెల్లబడ్డాయి. పైన జానెడు మందాన నురగ. గది నేలంతా తడి. ఆ తడిలో రాలిపోయిన పొలుసులు మెరుస్తున్నాయి.

నదిలోంచి తోడిన నీళ్ళు శుద్ధి అయి ఊరికి వెళ్ళేముందు, అందులో ఒక పాయ ఈ అద్దాల తొట్టిలోంచి పారుతుంది. మీటర్లు పసిగట్టలేని విషాన్ని చేపలు పసిగడతాయి. అందుకే దాన్ని కాపలా తొట్టి అంటారు. గోడమీద ఎర్రక్షరాలతో రూలు రాసి ఉంటుంది: సగానికి మించి చేపలు వింతగా ప్రవర్తిస్తే మెయిన్ వాల్వు మూయాలి. ముందు మూయాలి, తరవాత ఆలోచించాలి.

ఆమె ఎర్ర బటన్ నొక్కింది.

పదకొండేళ్ళ సర్వీసులో ఆ బటన్ నొక్కడం రెండోసారి. మొదటిసారి నిరుడు వానల్లో. ఎగువన డీజిల్ పీపాలు పగిలి నదిలో కలిస్తే, ఇవే పన్నెండు చేపలు వెల్లకిలా తేలి ఊరిని కాపాడాయి. ఆ రోజు తొట్టిలో మంచినీళ్ళు మార్చి, ఒక్కొక్క చేపనీ చేత్తో నిలబెట్టి పట్టుకుని బతికించింది ఆవిడే. అప్పటినుంచీ వాటర్ వర్క్స్‌లో అందరూ ఆవిడని చేపలక్క అంటారు. ఇంట్లో కూడా అసలు పేరు మర్చిపోయారు.

పెద్ద వాల్వు మూసుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. దాని మూలుగు ఆగేదాకా చేపలక్క బటన్ దగ్గరే నిలబడింది.

ఆరున్నరకి ఇంజినీరు ఊడిపడ్డాడు. మూడు నెలల కిందటే బదిలీ మీద వచ్చిన మనిషి. తొందరలో చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు. వెనకాలే కెమిస్టు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, రంగుల ఫ్యాక్టరీ లాబ్‌లోంచి ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది.

"ఎప్పటినుంచమ్మా?"

"నేను వచ్చేసరికే ఇలా ఉంది సార్. నైట్ డ్యూటీ ఆయన అయిదింటికి చూసినప్పుడు బాగానే ఉన్నాయని రాసి వెళ్ళాడు."

"అంటే గంటా పది నిమిషాల నీళ్ళు ఊళ్ళోకి వెళ్ళిపోయాయి." అన్నాడు ఇంజినీరు. వెంటనే ఫోన్ తీశాడు. కుళాయి నీళ్ళు ఎవరూ తాగొద్దు, వండొద్దు, ఆసుపత్రులు ట్యాంకుల్లో నీళ్ళు కూడా ముట్టుకోవద్దు. అదే మాట నాలుగు చోట్లకి నాలుగుసార్లు చెప్పాడు.

కెమిస్టు భూతద్దం పెట్టి తొట్టిలోకి తొంగిచూస్తోంది.

"అక్కా, చెంపల మీద చూడు. తెల్ల బొబ్బలు! యాసిడ్ తగిలితే ఇలాగే పొక్కుతుంది. మా ఫ్యాక్టరీలో ఒకాయన చేతికి చూశాను."

చేపలక్క చూసింది. నిజమే. కొన్ని చేపల చెంపల మీద, రెక్కల అంచుల మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లని పొక్కులు. రెండు మూడు రోజులుగా ఒకటీ అరా కనిపిస్తూనే ఉన్నాయి. మేత మరకలనుకుంది.

ఇంజినీరు రిజిస్టరు తిరగేశాడు. "ఇవి ఎప్పటి చేపలు? ఆఁ, ఇదిగో. చలికాలం మొదట్లో మార్చారు. అంటే నాలుగు నెలలైంది. అవునా?"

"అవును సార్."

అది అబద్ధం.

రూలు ప్రకారం ఏటా చలి మొదలవగానే పాత చేపల్ని తీసేసి గోరెడంత చేపపిల్లల్ని వెయ్యాలి. తీసేసిన పాతవి ఎవరో ఒకరి వంటింటికి పోతాయి. ఇన్నేళ్ళూ ఆమె ఆ పని కిక్కురుమనకుండా చేసింది. ఈసారి మాత్రం చెయ్యి రాలేదు. ఊరిని కాపాడినవాటిని పులుసుకి ఇచ్చెయ్యడమా? రిజిస్టరులో 'మార్చడమైనది' అని రాసి సంతకం పెట్టింది. తొట్టిలో మాత్రం పాతవాటినే ఉంచింది.

"నాలుగు నెలలకే ఇంత పెరిగాయా?" ఇంజినీరు సందేహంగా అన్నాడు.

"మేత బాగా పెడతాను సార్."

"సరే. అయితే ఇక అనుమానం లేదు." అతను రిజిస్టరు టప్పున మూశాడు. "పెద్ద చేపలైతే గంతులెయ్యడానికి సవాలక్ష కారణాలుంటాయని మాన్యువల్లోనే ఉంది. అందుకే పిల్లల్ని వెయ్యమన్నారు. పిల్లలు ఇలా చేస్తున్నాయంటే విషమే. ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టాలి, అంతే."

ఏడింటికి చేపలక్క ఫోన్ మోగింది. తమ్ముడు.

"ఏంటక్కా, నీ చేపలకి జలుబు చేసిందటగా? ఇక్కడ నర్సమ్మలు నిన్ను తిట్టిపోస్తున్నారు."

గొంతులో నవ్వుంది. కానీ మాట మాటకీ మధ్య ఆయాసం. తమ్ముడు దర్జీ. రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మొన్న ఆసుపత్రిలో మిషన్లు మొరాయించి ఒక విడత తప్పిపోయింది. ఇవాళ ఎనిమిదింటికి మొదటి మంచం వాడిదే.

చేపలక్కకి అప్పుడు తట్టింది. డయాలసిస్ అంటే నీళ్ళు. ఒక్కొక్కరికి వంద లీటర్లకి పైగా నీళ్ళు. ఆ నీళ్ళని ఆపింది తనే.

"ఎలా ఉందిరా?"

"సూదిలో దారం ఎక్కిస్తుంటే రెండు సూదులు కనిపిస్తున్నాయి. మిగతాదంతా రాజభోగమే."

ఫోన్ మరదలు లాక్కుంది. "వదినా, ఈయన మాటలు నమ్మకు. కాళ్ళు దిండ్లలా ఉబ్బిపోయాయి. గుండె కొట్టుకోవడం తేడాగా ఉందంటున్నాడు డాక్టరు. పదకొండు లోపల మిషను మీద పెట్టాలట. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే మూడు గంటల ప్రయాణం, దారిలో ఏమైనా అయితే పూచీ నాది కాదన్నాడు. నీళ్ళు ఎప్పుడిస్తారు వదినా?"

"ఇస్తారు. నువ్వు ధైర్యంగా ఉండు."

ఎప్పుడో తెలియదు. నీళ్ళు వదిలి అందులో విషముంటే, అది తిన్నగా తమ్ముడి రక్తంలోకే పోతుంది. వదలకపోతే వాడి గుండె పదకొండు దాటదు.

ఎనిమిదింటికి కెమిస్టు చిన్న పరీక్షలన్నీ ముగించింది. నీళ్ళలో ఆమ్లం లేదు. క్లోరిన్ సరిగ్గానే ఉంది. నూనె జాడ లేదు. తేడా ఒక్కటే. నీళ్ళ వేడి పందొమ్మిది డిగ్రీలు, పోయిన వారం పద్నాలుగు.

"ఫ్యాక్టరీవాళ్ళు వేడినీళ్ళు వదిలారేమో సార్" అంది. "పురుగుమందులాంటిదైతే మాత్రం నా దగ్గర పరీక్ష లేదు. శాంపిల్ పెద్ద లాబ్‌కి పంపాను. సాయంత్రం అయిదుకి చెప్తారట."

అయిదు! తమ్ముడికి పదకొండే గడువు.

ఇంజినీరు ఆమె వైపు తిరిగాడు. "నువ్వు స్కూటరేసుకుని నది దగ్గరికి వెళ్ళు. విషమైతే అక్కడ చేపలు చచ్చి తేలుతుంటాయి. ఒక్కటి దొరికినా పట్రా. ఏ విషమో తొందరగా తెలుస్తుంది."

నది దగ్గర నీళ్ళు తోడే బావికి రెండు కిలోమీటర్లు. చేపలక్క స్కూటరు గట్టు వెంట దూసుకుపోయింది. వెనక సీటు మీద ఖాళీ గోనెసంచి, పొడుగు కర్రకి కట్టిన వల.

దూరం నుంచే చప్పుడు వినిపించింది. టపటపా, దబదబా. స్కూటరు పడేసి ఒడ్డుకి పరిగెత్తింది.

ఒడ్డు పొడవునా గడ్డిలో నీళ్ళు ఉడికిపోతున్నట్టున్నాయి. పెద్ద పెద్ద చేపలు వీపులు బయటపెట్టి ఎగిరెగిరి పడుతున్నాయి. తొట్టిలో చూసిన తెల్లటి నురగే ఇక్కడ గట్టుకి చాపల్లా అంటుకుని ఉంది.

నది మొత్తం చచ్చిపోతోంది అనుకుంది. గడ్డిలో కూలబడింది.

అలా కూలబడటమే మంచిదైంది. కళ్ళు నీటికి దగ్గరగా వచ్చాయి.

మొదట కనిపించింది పురుగులు. దోమకన్నా కాస్త పెద్దవి, గాజు రెక్కలవి. నీటి అడుగునుంచి పైకి తేలి, పొట్టు విడిచి, ఒకటొకటిగా గాలిలోకి లేస్తున్నాయి. వందలు. వేలు. ఆమె భుజం మీద ఒకటి వాలి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. నిరుడు డీజిల్ వచ్చిన రోజు చేపలకన్నా ముందు చచ్చింది ఈ పురుగులే. ఒడ్డంతా వాటి శవాలు పేరుకుపోయాయి. ఇవాళ ఇవి పుడుతున్నాయి!

చేపలక్క లేచింది. గబగబా బావి జల్లెడ దగ్గరికి వెళ్ళింది. నదిలో కొట్టుకొచ్చిన చెత్తంతా ఆ ఇనప జల్లెడకి తట్టుకుంటుంది. చలికాలమంతా దానికి నల్లగా కుళ్ళిన ఎండుటాకులే. ఇవాళ లేత పసుపు పుప్పొడి మీగడలా కట్టింది. మొగ్గలు విప్పుకుని వదిలేసిన ఎర్రని పొరలు, తెల్లని పూరేకులు, గుప్పెడు చిగురు. చచ్చిన చేప ఒక్కటి కూడా లేదు. వలతో కెలికింది. చచ్చిన కప్ప కూడా లేదు. వలలో పడ్డవి తోకకప్పలు, నల్లగా, చురుగ్గా. చెయ్యి పెడితే చక్కిలిగింత పెట్టాయి.

అవతల నీటికోడి ఒకటి ముక్కున రెల్లు పుల్ల కరుచుకుని గూటికి పోతోంది. దానికి కంగారు లేదు. గట్టు మీద నాలుగు కొంగలు తినలేక తినలేక తింటున్నాయి.

ఆమె మళ్ళీ గడ్డి దగ్గరికి వచ్చి, నీళ్ళలోకి దిగి, మోకాలి లోతులో కదలకుండా నిలబడింది. చేపలు ఆమెని పట్టించుకోలేదు. ముందు ఒకటి, పొట్ట ఉబ్బి బరువుగా ఉంది. వెనక మూడు సన్నవి, దాన్ని గడ్డిలోకి తోస్తూ, పక్కలు గుద్దుతూ. ఆ మూడింటి చెంపల మీదా తెల్లని పొక్కులు. నాలుగూ గడ్డిలోకి దూరి ఒక్కసారిగా ఒళ్ళు కదిలించాయి. నీళ్ళు తెల్లబడ్డాయి. అవి వెళ్ళాక ఆమె గడ్డిపోచ ఒకటి పీకి చూసింది.

పోచ నిండా ఆవగింజంత గుడ్లు. గాజుపూసల్లా మెరుస్తున్నాయి.

"ఓరి మీ దుంప తెగ!" అంది చేపలక్క పైకే. "పెళ్ళి పెట్టుకుని ఊరంతా అల్లరి చేశారా!"

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపూ వచ్చింది. విషం కాదు. చలి పోయింది, నీళ్ళు వేడెక్కాయి, నది మేలుకుంది. తమ్ముడికి నీళ్ళివ్వొచ్చు.

మరుక్షణం నవ్వు ఆగిపోయింది. రిజిస్టరు గుర్తొచ్చింది.

నాలుగు నెలల పిల్లలు గుడ్లు పెట్టవు. ఇన్నేళ్ళలో ఆ తొట్టిలో ఎవరూ ఈ వింత చూడకపోవడానికి కారణం అదే. ఏ చేపా రెండో వసంతం దాకా ఉండలేదు. వీటిని తను ఉంచింది. ఉంచినట్టు ఎవరికీ చెప్పలేదు.

దారి పొడవునా ఒకటే ఆలోచన. నిజం చెప్పకుండా పని జరిగే మార్గం ఉందా?

తొమ్మిదీ ఇరవైకి కంట్రోల్ రూములో ఉంది. తడిసిన చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. టేబుల్ మీద గడ్డిపోచ పెట్టింది.

"సార్, నదిలో ఒక్క చేపా చావలేదు. గుడ్లు పెడుతున్నాయి. మన తొట్టిలో జరుగుతున్నదీ అదే. ఆ పొక్కులు మగ చేపలకి ఈ కాలంలో వస్తాయి. నదిలో వాటికీ ఉన్నాయి. నురగా అదే. వాల్వు తెరవండి సార్."

ఇంజినీరు పోచ తీసుకుని చూశాడు. ఒక్క క్షణం అతని కళ్ళలో ఆశ మెరిసింది. మళ్ళీ ఆరిపోయింది.

"నదిలోవి పెద్ద చేపలమ్మా. వాటికి పెళ్ళయినా పేరంటమైనా నాకు అభ్యంతరం లేదు. మనవి నాలుగు నెలల పిల్లలు. వాటికేమొచ్చింది? రెండూ ఒకటని నేనెలా రాయను? ఊరంతా తాగే నీళ్ళు."

"కానీ సార్..."

"సాయంత్రం రిపోర్టు రానీ."

జాకెట్టులో ఫోన్ వణికింది. మరదలు. చేపలక్క ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి? గడియారంలో ముల్లు తొమ్మిదీ ఇరవై అయిదు మీద ఉంది. పదకొండేళ్ళ ఉద్యోగం, ఒక్క రిమార్కు లేని సర్వీసు పుస్తకం ఒకవైపు. దిండ్లలా ఉబ్బిన కాళ్ళు ఒకవైపు.

"అవి నాలుగు నెలల పిల్లలు కావు సార్" అంది. "రెండేళ్ళవి. నేను మార్చలేదు. మార్చినట్టు రాశాను. ఆ సంతకం నాదే. నిరుడు డీజిల్ పట్టుకున్నవి ఇవే. పులుసుకి పంపడానికి మనసొప్పలేదు."

కెమిస్టు కలం నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఇంజినీరు రిజిస్టరు తీశాడు. సంతకం చూశాడు. ఆమెని చూశాడు. "పొద్దున్నే అడిగాను కదమ్మా?"

"అడిగారు సార్. అబద్ధం చెప్పాను."

"మూడు గంటలు. ఊరంతా మూడు గంటలు నీళ్ళు లేవు." గొంతు పెంచలేదు. దానికే ఆమెకి ఎక్కువ భయమేసింది. "ఇంకేమైనా దాచావా? ఉంటే అదీ ఇప్పుడే చెప్పెయ్యి."

"కొత్త చేపలు సార్."

"ఏ కొత్త చేపలు?"

"చలికాలంలో వచ్చినవి. వాటినీ పారెయ్యలేదు. స్టోరు గది వెనక పాత సిమెంటు కుండీలో ఉన్నాయి. బోరు నీళ్ళు పోసి పెంచుతున్నాను."

ఇంజినీరు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నువ్వు నడిపేది వాటర్ వర్క్సా, చేపల చెరువా?" అని, సగంలో ఆగిపోయాడు. చెయ్యి తీశాడు. "బోరు నీళ్ళా? అంటే ఇవాళ్టి నది నీళ్ళు వాటిని తాకలేదు."

"లేదు సార్."

"సరిగ్గా నాలుగు నెలల పిల్లలు."

"వేలెడంత ఉన్నాయి సార్."

కెమిస్టు కుర్చీలోంచి లేచిపోయింది. "సార్, పొద్దున తొట్టి పైపులోంచి పట్టిన నీళ్ళు రెండు క్యాన్లు సీలేసి ఉంచాను. అవే నీళ్ళలో వాటిని వేస్తే..."

"వెయ్యి. మాన్యువల్ ప్రకారం కొత్త చేపలు అరగంట మామూలుగా ఉంటే అలారం రద్దు చెయ్యొచ్చు. కారణం కూడా రుజువవ్వాలి. ఆ గుడ్ల సంగతి నువ్వు చూడు. ఇద్దరూ కదలండి!"

తొమ్మిదీ నలభైకి ఆరు చిన్న చేపలు గాజు తొట్టిలో ఉన్నాయి. అందులో నీళ్ళు, గంటా పది నిమిషాలు ఊళ్ళోకి వెళ్ళిన నీళ్ళే. ఇంజినీరు వాచీ విప్పి టేబుల్ మీద పెట్టాడు. చేపలక్క కుర్చీ లాక్కుని ముఖం అద్దానికి ఆనించి కూర్చుంది. మరదలికి ఒక్క మాట పంపింది: అరగంట.

అయిదు నిమిషాలు. చేపలు గుంపుగా అటూ ఇటూ తిరిగాయి.

పది నిమిషాలు. అలాగే ఉన్నాయి.

పన్నెండో నిమిషంలో ఒకటి అడుగుకి దిగింది. దిగి పక్కకి ఒరిగింది. మొప్పలు తప్ప ఏదీ కదలడం లేదు.

"అదేంటి?" ఇంజినీరు తొట్టి మీదికి వంగాడు.

ఇంకొకటి దాని పక్కనే అడుగుకి దిగింది. తమ్ముడి ముఖం చేపలక్క కళ్ళ ముందు తిరిగింది. నదిని తప్పుగా చదివానా? పురుగులూ పూరేకులూ చూసి మోసపోయానా?

అయినా చేతులు తమ పని చేసుకుపోయాయి. అలవాటు ప్రకారం చీర కొంగు మూలన కట్టుకున్న మేత ముడి విప్పింది. చిటికెడు తీసి నీటి మీద రాల్చింది.

అడుగున పడుకున్నవి రెండూ బాణాల్లా లేచాయి. మిగతావాటిని తోసుకుంటూ వచ్చి టపుక్కున మేత అందుకున్నాయి.

"కొత్త చోటు కదా సార్" అంది చేపలక్క. "నక్కి కూర్చున్నాయి. అంతే. ఒంట్లో విషముంటే తిండి ముట్టుకోవు."

"నా గుండె ఆగిపోయేదమ్మా" అన్నాడు ఇంజినీరు. అప్పటికి కూర్చున్నాడు.

పక్క గదిలోంచి కెమిస్టు కేక వేసింది. "సార్! అక్కా! రండి రండి!"

కాపలా తొట్టిలో చేపల నీడ కోసం చేపలక్క వేలాడగట్టిన నైలాన్ తాడు కుచ్చుంది. కెమిస్టు దాన్ని కత్తిరించి ఒక పోగు మైక్రోస్కోపు కింద పెట్టింది. ముందు ఇంజినీరు చూశాడు. తరవాత చేపలక్క ఒక కన్ను మూసి చూసింది. గుండ్రటి గాజు గోళం. లోపల ఒక మూల బుడగల గుత్తిలా కణాలు.

"నది గడ్డి మీదవీ ఇలాగే ఉన్నాయి, మన తాడు మీదవీ ఇలాగే ఉన్నాయి" అంది కెమిస్టు. "రెండింట్లోనూ పిల్ల తయారవుతోంది సార్. విషం నీళ్ళలో పెట్టిన గుడ్డు ఇంత చక్కగా కణాలుగా విడిపోదు. నా బొబ్బల మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాపం, పెళ్ళికొడుకుల ముఖానికి యాసిడ్ అంటగట్టాను."

పదీ పదికి వాచీలో అరగంట నిండింది. ఆరు చేపలూ ఇంకా మేత కోసం అద్దం పొడుస్తున్నాయి.

ఇంజినీరు పైవాళ్ళకి ఫోన్ చేశాడు. "అవును సార్, కారణం తెలిసింది... కాదు, విషం కాదు. కాలం మారింది, అంతే... లేదు, అయిదింటి దాకా ఆగక్కర్లేదు. నా సంతకం మీద తెరుస్తున్నాను." పెట్టేసి వెంటనే ఆసుపత్రికి కలిపాడు. "మీ ట్యాంకుల్లో నీళ్ళు వాడుకోవచ్చు. ఇప్పుడే. ముందు డయాలసిస్ వార్డుకి చెప్పండి."

ఆ చివరి మాటకి చేపలక్క తలెత్తి చూసింది.

"ఫోన్‌లో మీ మరదలు గొంతు పొద్దున గేటు దాకా వినిపించిందమ్మా" అన్నాడు ఇంజినీరు, ఆమె వైపు చూడకుండా. "వెళ్ళు, వాల్వు తెరువు."

ఆమె బటన్ నొక్కింది. వాల్వు మూలిగింది. పదకొండు నిమిషాల తరవాత పైపుల్లో నీటి హోరు నిండుగా వినిపించింది.

పదిన్నరకి మరదలు ఫోన్ చేసింది. "పెట్టేశారు వదినా" అంది. వెనకాల మిషను గిర్రుమంటూ తిరుగుతున్న శబ్దం.

చేపలక్క వెళ్ళి నేలమీద పొద్దున పడిన డబ్బా తీసి కడిగింది. తొట్టిలో అల్లరి తగ్గింది. పన్నెండూ అలసిపోయి, ఒకదాని పక్కన ఒకటి, రెక్కలు మెల్లగా ఆడిస్తున్నాయి.

ఇంజినీరు రిజిస్టరుతో వచ్చాడు. 'మార్చడమైనది' అన్న చోట ఎర్రసిరాతో గీత కొట్టి, కింద నిజం రాయించి, ఆమె సంతకం తీసుకుని, పక్కన తన సంతకం పెట్టాడు.

"సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వు. పైకి పంపక తప్పదు."

"ఉద్యోగం ఉంటుందా సార్?"

"అది వాళ్ళిష్టం. ఒక ఇంక్రిమెంటు కోస్తారేమో. నన్నడిగితే నేను చెప్పేది ఒకటే. వాల్వు మూయడంలో ఈమె క్షణం ఆలస్యం చెయ్యలేదు, నిజం చెప్పడంలోనే చేసింది. రెండూ రాస్తాను." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆ పన్నెండింటినీ ఇవాళే కుండీలోకి మార్చు. పిల్లల్ని ఇక్కడ వెయ్యి. పులుసు మాట ఎవరైనా ఎత్తితే నా దగ్గరికి పంపు."

ఒంటిగంటన్నరకి ఆమె తెల్లకాగితం ముందు కూర్చుని కలం నములుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏం చేస్తున్నావక్కా?"

"సంజాయిషీ రాస్తున్నాను. 'అయ్యా' దాకా వచ్చింది."

"నాకింకా గంట పనిలేదు. నేను చెప్తాను, రాసుకో. 'అయ్యా, తమరి తొట్టిలో చేపలు తమరి అనుమతి లేకుండా పెళ్ళీడుకి వచ్చినందుకు చింతిస్తున్నాను.'"

"నోర్ముయ్‌రా!"

"కొట్టిపారెయ్యకు, బావుంది. రాయి. 'ఇకపై అవి ముహూర్తం పెట్టుకునే ముందు ఇంజినీరు గారికి శుభలేఖ ఇచ్చేలా చూసుకుంటాను. కుర్రకారు చేసిన అల్లరి వల్ల ఊరివాళ్ళు పడ్డ ఇబ్బందికి ఆడపెళ్ళివారి తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను, ఎందుకంటే మగపెళ్ళివారు ఎవరో ఆ గుంపులో తేల్చడం నా వల్ల కాలేదు...'"

పక్కన మరదలు నవ్వుతోంది. ఎవరో నర్సు కూడా.

చేపలక్క కలం కాగితం మీదే ఉంది, ఒక్క అక్షరం పడలేదు. ఆమె వింటున్నది మాటల్ని కాదు. తమ్ముడు ఎక్కడా ఆగడం లేదు. ఆయాసం లేదు. ఒకే బిగిన, ఊపిరి తెగకుండా, వాక్యం మీద వాక్యం అల్లుకుంటూ పోతున్నాడు.

"రాశావా?" అన్నాడు.

"లేదు" అంది. "మొదటినుంచీ మళ్ళీ చెప్పు."